శుద్ధి చేసిన కలప కాదు, మందు పట్టించిన కలప

(ఉత్తర చెన్నై తీరప్రాంత తెలుగు నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను శాస్త్రవేత్తను కాను. తెలుగు సాహిత్యం చదువుకొని, పౌర ప్రకటనలను తెలుగులోకి తెచ్చే ఉద్యోగంలో చేరినదాన్ని. కలప, లోహాలు, సముద్రం గురించి మీ ముందు మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే. ఈ విషయంలో నేనొక తప్పు చేశాను. ఆ తప్పును దిద్దుకొనే క్రమంలో తెలుసుకొన్న సంగతులే ఈ పూట మీకు నివేదిస్తున్నాను.

కొంతకాలం క్రితం పాత కొయ్య సామాను పారవేయడం గురించిన చిన్న ప్రకటన ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. పురుగు పట్టకుండా, చివికిపోకుండా రసాయన లవణాలు ఎక్కించిన కలపను మిగతా చెత్తలో కలపకుండా అప్పగించాలని దాని సారాంశం. ఇంగ్లీషు ప్రతిలో ఆ కలపకు ‘ట్రీటెడ్’ అనే విశేషణం ఉంది. నీటి విషయంలో ఆ మాట వచ్చినప్పుడల్లా ‘శుద్ధి చేసిన నీరు’ అని రాయడం మాకు పరిపాటి. చేయి అలవాటు కొద్దీ కదిలింది. ‘శుద్ధి చేసిన కలపను విడిగా ఉంచి అప్పగించవలెను’ అని రాశాను. ప్రకటన గోడకెక్కింది.

తరువాత కాశిమేడు వైపు వెళ్లినప్పుడు, నెల్లూరు తీరం నుంచి వచ్చి స్థిరపడిన ఒక అవ్వ నన్ను నిలదీసింది. “శుద్ధి చేసిన కొయ్యంటే మంచి కొయ్యేగా అమ్మాయ్! మంచిదాన్ని మీకెందుకిస్తాం? పొయ్యిలో పెట్టుకుంటున్నాం” అంది. నాకు నోట మాట రాలేదు. ఆమె పొయ్యి పక్కన కొయ్యముక్కల పోగు ఉంది. కొన్నిటి తెగిన అంచుల్లో లేత ఆకుపచ్చ చార కనిపించింది. కాస్త ఎడంగా కూర్చుని ఆమె కోడలు ఆ పొయ్యి బూడిదతోనే అంట్లు తోముతోంది.

ఆ అవ్వ తర్కంలో దోషం లేదు. దోషం నా మాటలో ఉంది. శుద్ధి అనగానే మలినం పోయిందని మన మనసు అనుకొంటుంది. ఈ కలపలోంచి తీసివేసినది ఏమీ లేదు. దానిలోకి ఎక్కించినది ఉంది. ఆ ఎక్కించినదేమిటో, ఎందుకు ఎక్కించారో, అది నీటిలోకి ఎలా దిగుతుందో వరుసగా చెబుతాను.

ముందుగా ‘ఎందుకు’ అన్నది చూద్దాం. సముద్రంలో నిలిచిన కొయ్యకు బద్ధశత్రువు ఓడపురుగు. పేరుకు పురుగే గాని, అది నిజానికి ఆల్చిప్పల జాతికి చెందిన జీవి. తల దగ్గర మిగిలిన రెండు చిన్న చిప్పలనే బాడిసెలా వాడుకొని కొయ్యను తొలుచుకుంటూ పోతుంది. పైకి సూది మొన అంత రంధ్రమే కనిపిస్తుంది, లోపల కొయ్య జల్లెడైపోతుంది. మనలాంటి వెచ్చని సముద్రాల్లో రక్షణ లేని మెత్తని కలప కొద్ది నెలల్లోనే గుల్లబారుతుంది. చల్లని సముద్రాలు కూడా దీనికి మినహాయింపు కావు. 1919 నుంచి 1921 వరకు అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో కొయ్య స్తంభాలపై కట్టిన రేవుకట్టడాలు వరుసగా కూలిపోవడానికి కారణం ఈ జీవే. మన జాలరి పెద్దలు పడవలకు చేపనూనె, జీడిపిక్కల నూనె పూయడం, వాటిని ఒడ్డుకు లాగి ఎండబెట్టడం ఈ పురుగుతో చేసిన పోరాటంలో భాగమే.

ఈ పోరాటంలో ఒక పెద్ద మలుపు తెలుగు పేరున్న శాస్త్రవేత్త చేతుల మీదుగా వచ్చింది. ఆయన శొంఠి కామేశం. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1933లో ఆయన ఒక మిశ్రమాన్ని రూపొందించారు. 1938లో దానికి అమెరికా పేటెంటు కూడా లభించింది. దానికి పెట్టిన పేరు ఆస్కూ. ఆర్సెనిక్‌కు, రాగికి రసాయన శాస్త్రంలో వాడే సంకేతాక్షరాలను కలిపితే వచ్చిన పేరది. మన పెద్దలు పాషాణమని పిలిచే విషానికి మూలమైన ధాతువే ఆర్సెనిక్. రాగి శిలీంధ్రాలను, సముద్రపు తొలిచే జీవులను అడ్డుకొంటుంది. ఆర్సెనిక్ చెదలను, రాగికి లొంగని శిలీంధ్రాలను అణుస్తుంది.

రాగి, ఆర్సెనిక్ లవణాలు క్రిమికీటకాలను చంపుతాయని కామేశం కంటే ముందే తెలుసు. చిక్కంతా వేరే చోట ఉండేది. ఆ లవణాలు నీటిలో కరుగుతాయి. వానకు నాలుగుసార్లు తడిస్తే కొయ్యలోంచి దిగిపోతాయి. కామేశం వాటికి మూడో ద్రవ్యంగా క్రోమియాన్ని చేర్చారు. కొయ్యలోని పదార్థంతో క్రోమియం రసాయన చర్య జరిపి, తక్కిన రెండింటినీ కొయ్యకు అంటిపెట్టుకొనేలా చేస్తుంది. అంటే, లోహాలు కొయ్యలోంచి కారిపోవడం అనే సమస్యకు సమాధానంగానే ఈ మిశ్రమం పుట్టింది. ఆ సమాధానం చాలా వరకు ఫలించింది. విద్యుత్ స్తంభాలు, వంతెనలు, రేవులు, పడవలు దశాబ్దాల పాటు నిలిచాయి. వాటి స్థానంలో మళ్లీ మళ్లీ నరకవలసిన చెట్లు మిగిలాయి. ఈ మేలును మరచి మాట్లాడటం న్యాయం కాదు.

అయితే ‘చాలా వరకు’ అన్న మాటను గమనించండి. మిగిలిన ఆ కొంచెమే నేటి మన విషయం.

మందు పట్టించిన కొయ్యను నీటిలో నిలిపినప్పుడు దానిలోని లోహాలు కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతాయి. ఈ పట్టణంలో ఉండేవారికి దీన్ని ఫిల్టరు కాఫీతో పోల్చి చెప్పవచ్చు. మొదట దిగే డికాక్షన్ చిక్కగా ఉంటుంది. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే పలుచన, మూడోసారికి రంగునీళ్లు. కొయ్య కూడా అంతే. లోహాలు ఎక్కువగా దిగేది నీటిలో నిలిపిన తొలి రోజుల్లో, తొలి వారాల్లో. ఆ తరువాత వేగం బాగా తగ్గుతుంది కాని, పూర్తిగా ఆగిపోదు. కాఫీతోనే ఇంకొక సంగతీ తెలుస్తుంది. గింజను గింజగా నీటిలో వేస్తే దిగేది స్వల్పం, పొడి చేసి వేస్తే సారమంతా దిగుతుంది. దూలం గింజ వంటిది, రంపపు పొట్టు పొడి వంటిది. ఒక దూలం ఏళ్ల తరబడి మెల్లగా వదిలే లోహాన్ని, దాన్ని కోసినప్పుడు రాలిన పొట్టు చాలా త్వరగా వదిలేస్తుంది. పడవల మరమ్మతు జరిగే చోట నీటి అంచున రాలే పొట్టును చిన్నచూపు చూడకూడదని చెప్పడానికి ఇదే కారణం.

పరిమాణం కూడా తెలుసుకోవాలి. అమెరికాలో పాటించే ప్రమాణాల ప్రకారం నేలలో పాతే కొయ్యకు ఘనపు మీటరుకు సుమారు 6.4 కిలోల మందు ఎక్కిస్తే చాలు. వెచ్చని సముద్రంలో దించే స్తంభానికైతే సుమారు 40 కిలోలు ఎక్కించాలి. ఎక్కువగా వాడుకలో ఉన్న మిశ్రమంలో 47.5 శాతం క్రోమియం ఆక్సైడు, 18.5 శాతం రాగి ఆక్సైడు, 34 శాతం ఆర్సెనిక్ ఆక్సైడు. అంటే సముద్రపు స్తంభపు కొయ్యలో ఘనపు మీటరుకు పదమూడున్నర కిలోలకు పైగా ఆర్సెనిక్ ఆక్సైడు ఉంటుందన్నమాట.

ఇలా దిగిన మూడు లోహాల్లో సముద్ర జీవులకు ఎక్కువ చేటు చేసేది ఏది? పాషాణమని మనమందరం అనుకొంటాం. కాదు, రాగి. రాగి చెంబులో రాత్రంతా ఉంచిన నీళ్లు తాగితే మంచిదని నమ్మే ఇంట పుట్టిన నాకు ఇది మింగుడుపడటానికి సమయం పట్టింది. మన దేశపు తాగునీటి ప్రమాణం లీటరుకు 50 మైక్రోగ్రాముల వరకు రాగిని ఆమోదిస్తుంది. సముద్రపు నీటిలో దీర్ఘకాలం పాటు 3.1 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికా పర్యావరణ సంస్థ సూచించే ప్రమాణం. మన గ్లాసులో నిశ్చింతగా తాగదగిన నీటిలోని రాగి, ఉప్పునీటి గుడ్లకు, పిల్లలకు, నత్తలకు, నాచుకు పదహారు రెట్ల హద్దు దాటిన మోతాదు అన్నమాట. మనిషికి హాని లేదు కాబట్టి నీటికీ హాని లేదనే ఊహ ఇక్కడ చెల్లదు.

దిగిన లోహం ఎక్కడికి పోతుంది? కెరటాల ఆటుపోట్లు బాగా ఉన్న చోట అది చాలా పలుచనైపోతుంది. అటువంటి చోట్ల జరిపిన పరిశీలనల్లో చెప్పుకోదగిన నష్టం కనబడలేదు. నీరు కదలని కాలువల్లో, గోడల నడుమ ఉన్న రేవు మూలల్లో కథ వేరు. అక్కడ లోహం మెత్తని బురద రేణువులను పట్టుకొని అడుగున పేరుకొంటుంది. కొయ్యకు దగ్గరగా, మొదటి కొద్ది మీటర్లలోనే అది అధికం. మరికొంత కొయ్య మీద పెరిగే నాచులోకి, ఆల్చిప్పల్లోకి చేరుతుంది.

1990ల ఆరంభంలో అమెరికాకు చెందిన జూడిత్ వైస్, పెడ్రిక్ వైస్ దంపతులు దీన్ని శ్రద్ధగా పరిశీలించారు. ఇరువైపులా ఇటువంటి కొయ్యగోడలు కట్టిన నివాస కాలువల్లో పెరిగిన ఆల్చిప్పల్లో రాగి మోతాదు మిగతా చోట్ల కంటే చాలా ఎక్కువగా ఉన్నట్లు గమనించారు. మందు పట్టించిన రేవు కొయ్యపై పెరిగిన పచ్చనాచును తెచ్చి నత్తలకు మేతగా వేసినప్పుడు అవి గుల్లలోకి ముడుచుకొని, కదలిక లేకుండా పోయి, చనిపోసాగాయి. నత్త ఎంత, దాని బతుకెంత అనిపించవచ్చు. నాచును తినే జీవి పోతే, ఆ జీవిని తినే చేపపిల్లకు మేత ఎక్కడిది? మనలో చాలామంది ఇళ్లు ఆ చేప మీదే నిలిచి ఉన్నాయి.

ఇక్కడొక భయాన్ని నివారించడం నా విధి. చేపలు తినవద్దని చెప్పడానికి నేను రాలేదు. పెద్ద చేపల కండలో రాగి మెట్టుమెట్టుకూ పెరుగుతూ పోయే లోహం కాదు. చేపల్లో సహజంగా ఉండే ఆర్సెనిక్ చాలా వరకు హాని తక్కువైన రూపంలో ఉంటుంది. జాగ్రత్త పడవలసింది కొత్తగా నిలిపిన కొయ్యస్తంభాల నుంచి, నీరు కదలని కాలువల గోడల నుంచి ఒలిచి తెచ్చుకొనే ఆల్చిప్పల విషయంలో.

ప్రపంచం ఈ సంగతిని గుర్తించి కొన్ని నిర్ణయాలు చేసింది. ఐరోపా సమాఖ్య 2003లో చేసిన చట్టంతో, 2004 మధ్య నుంచి ఆర్సెనిక్ పట్టించిన కలపను సముద్ర జలాల్లో వాడటం ఆపివేసింది. అమెరికాలో 2003 ముగిసేసరికి ఇళ్ల అవసరాలకు ఈ మందును వాడటం తయారీదారులు మానుకొన్నారు. అయితే ఉప్పునీటిలో దించే స్తంభాలకు అక్కడ అనుమతి కొనసాగింది. ఆర్సెనిక్ స్థానంలో వచ్చిన కొత్త మందుల్లో చాలావాటిలో రాగి పాలు పెరిగింది. పాషాణం భయం తీరింది గాని, నీటిలోకి దిగే రాగి హెచ్చింది. పడవల అడుగున నాచు పట్టకుండా పూసే రంగుల్లోనూ ప్రధానంగా ఉండేది రాగే. కాబట్టి ‘ఆర్సెనిక్ లేని మందు’ అన్న మాట వినగానే సముద్రానికి హాని లేదని అర్థం చేసుకోకూడదు. చూశారా, ఇక్కడ కూడా మాటే మనల్ని తప్పుదారి పట్టించగలదు.

ఇక మళ్లీ ఆ అవ్వ పొయ్యి దగ్గరికి వెళదాం. నీటిలో నిలిచిన కొయ్య కంటే నిప్పులో పడ్డ కొయ్య ఇంటికి ఎక్కువ ప్రమాదకరం. కొయ్య కాలిపోతుంది, లోహం కాలిపోదు. ఆర్సెనిక్‌లో కొంత పొగతో లేస్తుంది, మిగిలినదంతా రాగితో, క్రోమియంతో కలిసి బూడిదలో చిక్కబడుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక గ్రామీణ కుటుంబం చలికాలంలో ఇంటి పొయ్యిలో ఇటువంటి కలపను కాల్చుకొంటూ వచ్చింది. ఇంటిల్లిపాదికీ ఏటా చలికాలంలో నరాల బాధలు, జుట్టు రాలడం వంటి లక్షణాలు తిరగబెట్టేవి. కారణం ఆ పొయ్యిలోనే ఉందని 1984లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో వైద్యులు వెల్లడించారు. మన ఇళ్లలో పొగతో పోదు. బూడిదతో గిన్నెలు తోముతాం, కూరగాయల మొక్కల మొదట్లో పోస్తాం. ఆ దారిన అది మళ్లీ కంచంలోకి చేరవచ్చు, వానకు కొట్టుకొని కాలువలోకీ, అక్కడి నుంచి సముద్రంలోకీ పోవచ్చు.

అందువల్ల మీ అందరికీ కొన్ని విన్నపాలు.

మొదటిది, గుర్తుపట్టడం. ఈ మందు పట్టించిన కొయ్య కొత్తలో లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఎండకు పైభాగం బూడిదరంగుకు మారినా, కోసి చూస్తే అంచు వెంట పచ్చని చార కనిపించవచ్చు. నల్లగా ఉండి తారు వాసన వేసే పాత రైలు పట్టాల దిమ్మెలకు పట్టించింది మరో రకం మందు, దాన్నీ పొయ్యికి దూరంగానే ఉంచాలి. రంగు వేసిన కొయ్యలో చార కనబడదు. పడవ కొయ్యలన్నిటికీ మందు పట్టించి ఉంటుందని కాదు, కాని ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని పాత పడవ చెక్కను, రేవు దూలాన్ని, స్తంభపు ముక్కను పొయ్యిలో పెట్టకపోవడమే క్షేమం.

రెండవది, పడవ పని చేసే అన్నదమ్ములకు. కొత్త కొయ్యను ముందే కొలతకు కోసి, రంధ్రాలు వేసి, ఆ తరువాత మందు పట్టించండి. తెచ్చిన వెంటనే నీటిలో దించకండి. మందు కొయ్యకు అంటుకొనేంత కాలం నీడన, తడి తగలకుండా ఆరనివ్వండి. పైన నీరు పీల్చని పూత వేస్తే లోహం దిగడం తగ్గుతుంది. కోయక తప్పనప్పుడు కింద టార్పాలిన్ పరచి, నీటి అంచుకు ఎడంగా కోయండి. ముక్కుకు, నోటికి అడ్డు కట్టుకోండి. పొట్టును ఊడ్చి సంచిలో కట్టండి, నీటిలోకి నెట్టకండి. పని ముగిశాక చేతులు కడుక్కొన్నాకే అన్నానికి కూర్చోండి. పిల్లలను ఆ ఇసుకలో ఆడనివ్వకండి.

మూడవది, ఇంటి ఆడపడుచులకు. ఈ కొయ్య ముక్కలను కూరగాయల మళ్లకు గట్లుగా, మేకలకు తొట్టిగా, ఆహార పదార్థాలు పెట్టుకొనే బల్లగా వాడకండి. ఇప్పటికే కాల్చిన బూడిద ఉంటే నీళ్లు చల్లి తడిపి, మూత ఉన్న డబ్బాలోకి ఎత్తండి. కొయ్యనైనా, బూడిదనైనా పారిశుద్ధ్య కార్మికులకు విడిగా అప్పగిస్తూ అదేమిటో నోటితో చెప్పండి. రోజూ చేతులతో చెత్తను ఎత్తేది వారే, తెలుసుకొనే హక్కు వారికి అందరికంటే ముందు ఉంది.

ఇంత చెప్పాక ఆ ప్రకటన సంగతి మిగిలింది. నా తప్పు గ్రహించిన తరువాత సరైన మాట కోసం నిఘంటువులు తిరగేశాను. దొరికిన సంస్కృత సమాసాలు ఏవీ పొయ్యి దాకా చేరేవిగా కనబడలేదు. చివరికి అవ్వనే అడిగాను. “పురుగు పట్టకుండా ఏదో ఎక్కిస్తారు కదా అవ్వా, ఆ కొయ్యను మీవాళ్లు ఏమంటారు?” అన్నాను. “మందు పట్టించిన కొయ్య అంటారు. ఆ మాట నువ్వు ముందే రాసుంటే నేను పొయ్యిలో పెట్టేదాన్నా?” అంది.

తెలుగులో మందు అనే మాట రెండు వైపులా పదును ఉన్నది. జబ్బు మాన్పేదీ మందే, పురుగును చంపేదీ మందే. ఆ కొయ్య స్వభావమూ అంతే. పడవను కాపాడుతుంది, పొయ్యిలోకి వెళితే ఇంటిని చెరుపుతుంది, నీటిలోకి దిగితే చేపపిల్లల మేతను చెరుపుతుంది. ఇప్పుడు ఆ ప్రకటనలో ‘మందు పట్టించిన కొయ్యను కాల్చరాదు, నీటిలో వేయరాదు, విడిగా అప్పగించవలెను’ అని ఉంటుంది. కారణం కూడా ఒక వాక్యంలో చేర్చాం. కారణం చెప్పని ఆజ్ఞకు ఎవరూ కట్టుబడరని ఆ పొయ్యి దగ్గరే నాకు తెలిసింది.

పాత ప్రతి ఇంకా ఏ గోడ మీదనైనా మిగిలి ఉంటే దయచేసి చించివేయండి. ఇకముందు మేము అచ్చువేసే ఏ ప్రకటనలోనైనా మీ ఇంట్లో ఒక అర్థం, మా కాగితంలో మరొక అర్థం వచ్చే మాట కనిపిస్తే, ఆ అవ్వలాగే నన్ను నిలదీయండి.